చివరి పొలం నుంచి పైకి నడవండి

ఆఫీసులో ఒక పని ఆలస్యమైంది. మీ నోట్లోంచి మొదట వచ్చే ప్రశ్న ఏంటి?

"ఎవరు చేశారిది?"

అవునా? నేనూ ఏళ్ల తరబడి అదే అడిగాను. అడగ్గానే ఏం జరుగుతుందో కూడా చూశాను. అందరూ తలలు దించుకుంటారు. ఒకరు ఇంకొకరి పేరు చెబుతారు. ఆ ఇంకొకరు సరిగ్గా ఆ రోజే సెలవులో ఉంటారు. మీటింగ్ అయిపోతుంది. వచ్చే వారం పని మళ్లీ అక్కడే ఆగుతుంది.

ఈ రోజు నుంచి ప్రశ్న మార్చండి. "ఎవరు?" తీసేసి "ఎక్కడ?" పెట్టండి.

"ఎక్కడ ఆగింది?"

అంతే. దించుకున్న తలలు లేస్తాయి. "సార్, అది స్టోర్స్‌లో రెండు రోజులు ఉండిపోయింది" అని ఒకరు చెబుతారు. "స్టోర్స్‌కి వచ్చిందే శుక్రవారం సాయంత్రం" అని ఇంకొకరు అంటారు. నిజాలు బయటికొస్తాయి. బిజినెస్ ప్రాసెస్ ఇంప్రూవ్‌మెంట్ అని కంపెనీలు పెద్ద పేరు పెట్టి, పెద్ద ఫీజు కట్టి నేర్చుకునే విద్య ఈ ఒక్క ప్రశ్న దగ్గర మొదలవుతుంది. మీరు ఫీజు కట్టక్కర్లేదు. అలవాటు మార్చుకుంటే చాలు.

చివరి ఆయకట్టు రైతును చూడండి

ఘంటసాల, మొవ్వ, అవనిగడ్డ వైపు రైతుకు ఈ విద్య ఎవరూ నేర్పక్కర్లేదు. కృష్ణా డెల్టాకు చివర ఉన్న ఊళ్లవి. విజయవాడలో ప్రకాశం బ్యారేజీ దగ్గర కాలువలకు నీళ్లు వదిలారని పేపర్లో ఫొటో పడుతుంది. పూలు చల్లారు, పసుపు కుంకుమ వేశారు. ఆఫీసు లెక్కలో పని పూర్తి! చివరి పొలంలో మాత్రం నెర్రెలు అలాగే ఉంటాయి. ఆ నీళ్లు పెద్ద కాలువ, పిల్ల కాలువ, బోదె అన్నీ దాటి రావాలి. దివిసీమకైతే పులిగడ్డ అక్విడెక్టు మీదుగా నదీపాయను కూడా దాటాలి.

నీళ్లు రాకపోతే రైతు ఏం చేస్తాడు? పార భుజాన వేసుకుని గట్టు వెంట పైకి నడుస్తాడు. ఒకచోట గుర్రపుడెక్క పేరుకుని ఉంటుంది. ఒకచోట తూము పూడిపోయి ఉంటుంది. ఇంకోచోట ఎవరో రాత్రికి రాత్రి అడ్డుకట్ట వేసి ఉంటారు. చూసుకుంటూ, తీసుకుంటూ, అవసరమైతే పోట్లాడుకుంటూ నడుస్తాడు.

ఆ నడకనే ప్రాసెస్ మ్యాపింగ్ అంటారు.

గమనించండి. అతను బ్యారేజీ నుంచి కిందికి రాలేదు. తన పొలం నుంచి పైకి వెళ్లాడు. మనం చేసే తప్పు సరిగ్గా ఇక్కడే ఉంది. మేనేజర్లు బ్యారేజీ దగ్గర నిలబడి "వదిలేశాం కదా" అంటారు. కస్టమర్ చివరి పొలంలో కూర్చుని ఆకాశం వైపు చూస్తుంటాడు. మీరు రైస్ మిల్లు నడపండి, స్కూలు నడపండి, రొయ్యల మేత డీలర్‌షిప్ నడపండి. మీ పని ఎలా సాగుతోందో చెప్పగలిగేది చివరి పొలమే. అక్కడ మొదలుపెట్టండి.

ఇటుకల ఎత్తు మార్చిన మనిషి

అమెరికాలో ఫ్రాంక్ గిల్‌బ్రెత్ అని ఒకాయన ఉండేవాడు. తాపీ పనితో జీవితం మొదలుపెట్టాడు. ఒక్కో ఇటుక పేర్చడానికి మేస్త్రి ఎన్నిసార్లు వంగుతున్నాడు, ఎన్నిసార్లు తిరుగుతున్నాడు అని లెక్కపెట్టాడు. 18 కదలికలు తేలాయి. వాటిని ఐదుకు తెచ్చాడు. ఎలా? మేస్త్రిని తొందరపెట్టి కాదండీ. ఇటుకలు కాళ్ల దగ్గర కాకుండా నడుం ఎత్తులో అందేలా పరంజా మార్చాడు. మేస్త్రి అదే, ఇటుకా అదే.

ఆయన, ఆయన భార్య లిలియన్ కలిసి పనిని బొమ్మగా గీసే పద్ధతి తయారుచేశారు. 1921లో అమెరికా మెకానికల్ ఇంజినీర్ల సభలో ప్రాసెస్ చార్ట్ పేరుతో దాన్ని చూపించారు. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ కంపెనీలు వాడే బీపీఎంఎన్ బొమ్మలకు అది ముత్తాత లాంటిది.

మీకు బీపీఎంఎన్ అవసరం లేదు. నాలుగు గుర్తులు చాలు. మొదలుకూ చివరకూ గుండ్రం. పనికి పెట్టె. "అవునా, కాదా" అని తేల్చే చోట డైమండ్. ఒకదాని నుంచి ఇంకోదానికి బాణం. ఒక్కో మనిషికి ఒక్కో అడ్డ వరస. పని ఎవరి చేతిలో ఉంటే బొమ్మ వాళ్ల వరసలోకి దిగుతుంది. ఇంట్లో సంక్రాంతికి ముగ్గు వేసేవాళ్లకు ఇది పది నిమిషాల్లో వచ్చేస్తుంది. చుక్కలు ముందు, గీతలు తర్వాత.

ఇక నియమాలు. వీటిలో రాజీ పడకండి.

1. ఒక్క ప్రాసెస్ మాత్రమే తీసుకోండి. "మా కంపెనీ మొత్తం" అనొద్దు. "కస్టమర్ ఆర్డర్ ఇచ్చిన దగ్గర్నుంచి డబ్బు చేతికొచ్చే దాకా" అనండి.
2. జరగాల్సింది గీయకండి. జరుగుతున్నది గీయండి. రూల్ బుక్‌లో ఉన్నదొకటి, మంగళవారం మధ్యాహ్నం జరిగేదొకటి. మీకు రెండోది కావాలి.
3. కుర్చీలో కూర్చుని గీయకండి. కాగితం వెంట నడవండి.
4. ప్రతి పెట్టె కింద రెండు అంకెలు రాయండి. చేతిలో పని జరిగిన టైమ్ ఒకటి. పని కోసం కాగితం ఎదురుచూసిన టైమ్ ఇంకొకటి.

నాలుగో నియమం దగ్గర చాలామంది షాక్ అవుతారు. అసలు పని గంట ఉంటుంది. ఎదురుచూపు నాలుగు రోజులు ఉంటుంది. ఇన్నాళ్లూ మీరు ఆ గంటలో పనిచేసే వాళ్లను పరుగెత్తించారు. నాలుగు రోజుల వైపు ఎవరూ చూడలేదు.

ప్రాక్టీస్ కావాలా? మీ ఇంటి ధాన్యం అమ్మకం గీయండి. కోత, ఆరబోత, రైతు సేవా కేంద్రంలో తేమ చూడటం, 17 శాతం దాటితే మళ్లీ ఆరబోత, గోనె సంచులు, హమాలీలు, లారీ, మిల్లు, ఖాతాలో డబ్బు. పెట్టెలు పది కూడా లేవు. కానీ ఒక్కో బాణం మీద ఎదురుచూపు రాయండి. సంచుల కోసం ఎన్ని రోజులు? లారీ కోసం ఎన్ని? ఆ రోజుల్లోనే కదా బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టేది! నవంబర్, డిసెంబర్‌లో ఇక్కడ ఎదురుచూపు ఖరీదు వడ్డీతో పోదు, ధాన్యం మొలకలెత్తుతుంది.

పెడన నేర్పే పాఠం

బందరు పక్కనే పెడన. కలంకారీ అద్దకానికి ఆ ఊరు పేరు. మీ టీమ్‌కి ప్రాసెస్ అంటే ఏంటో చూపించాలనుకుంటే హోటల్‌లో సెమినార్ పెట్టకండి. వాళ్లను ఒక రోజు పెడన తీసుకెళ్లండి.

కోరా గుడ్డను ముందు శుభ్రం చేస్తారు. కరక్కాయ నీళ్లలో ముంచి ఆరబెడతారు. ఇనుప ముక్కలు, బెల్లం కలిపి రోజుల తరబడి నానబెట్టిన ద్రావణంలో టేకు అచ్చులు ముంచి అద్దుతారు. కరక్కాయలోని వగరు, ఇనుము కలిసిన చోట నలుపు పుడుతుంది. తర్వాత ఎరుపు రావాల్సిన చోట పటికతో అద్దుతారు. ఇక్కడ ఆగి చూడండి. పటిక అద్దినప్పుడు ఎరుపు కనిపించదు. ఏదో లేత మరకలా ఉంటుంది. గుడ్డను పారే నీళ్లలో జాడించి, రంగునిచ్చే చెక్కలు, వేర్లు లేదా అలిజరిన్ వేసిన నీళ్లలో ఉడకబెడతారు. అప్పుడు పటిక ఉన్నచోట మాత్రమే ఎరుపు పట్టుకుంటుంది. తర్వాత ఎండ, మళ్లీ నీళ్లు, గంజి, మిగతా రంగులు.

ఇందులో మీకు కావాల్సింది ఏంటి? పటిక అద్దే చోట చెయ్యి తడబడితే తప్పు అక్కడ కనిపించదు. ఉడికించాక కనిపిస్తుంది. తప్పు పుట్టేది ఒకచోట, బయటపడేది ఇంకోచోట. బయటపడిన చోట ఉన్నవాడిని తిడితే ఏం లాభం? ఉడికించే బాన దగ్గర నిలబడ్డ మనిషి రోజంతా మాటలు పడతాడు. అచ్చు దగ్గర తప్పు రోజూ పుడుతూనే ఉంటుంది.

మీ అకౌంట్స్ సెక్షన్‌ను ఒకసారి గుర్తు తెచ్చుకోండి. బిల్లులో తప్పు అక్కడే బయటపడుతుంది. ఆర్డర్ రాసుకున్నప్పుడే అడ్రస్ తప్పు రాశారని ఎవరికి తెలుసు? తిట్లు అకౌంట్స్ వాళ్లకి. వాళ్లే మీ బాన దగ్గరి మనుషులు. వాళ్లకి ఈ రోజే ఒక సారీ చెప్పండి. నేను సీరియస్‌గానే అంటున్నాను.

పెడనలో ఇంకో సంగతి ఉంది. వరస మారదు. కరక్కాయ పట్టని గుడ్డ మీద ఇనుము అద్దితే నలుపు రాదు. పారే నీళ్లు లేకపోతే అదనపు పటిక చుట్టూ పాకి అచ్చు అంచులు చెదిరిపోతాయి. అంటే మొత్తం పని కాలువ మీద, ఎండ మీద ఆధారపడి ఉంది. ఎన్ని అచ్చు బల్లలు పెంచినా, ఎంతమందిని తెచ్చుకున్నా, జాడించేందుకు కాలువ పారకపోతే గుడ్డలు గుట్టపడతాయి. దీన్నే బాటిల్‌నెక్ అంటారు. 1984లో ఎలియాహు గోల్డ్‌రాట్ దీని మీద "ది గోల్" అని ఏకంగా ఒక నవలే రాశాడు. ఇరుకు చోటు కాక వేరే ఎక్కడ స్పీడు పెంచినా గుట్ట పెరుగుతుంది తప్ప సరుకు బయటికి రాదు.

మీ ఇరుకు ఎక్కడుంది? కాగితాలు గుట్టపడిన టేబుల్ వెతకండి. అదే.

చాలా చిన్న సంస్థల్లో ఆ టేబుల్ ఎవరిదో చెప్పనా? మీదే. ఓనర్‌ది. ప్రతి కొటేషన్ మీద మీ సంతకం, ప్రతి డిస్కౌంట్‌కి మీ "సరే", ప్రతి లీవ్‌కి మీ ఫోన్. మీరు బంధువుల పెళ్లికి రెండు రోజులు వెళితే షాపు సగం మూతపడుతుంది. దాన్ని మీరు గర్వంగా చెప్పుకుంటున్నారేమో కూడా! ఈసారి ఘంటసాల మహాచైత్యం దగ్గరకు వెళ్లి చూడండి. అది బౌద్ధులు ఇటుకలతో కట్టిన స్తూపం. ఆ స్తూపాన్ని చక్రంలా కట్టారు. మధ్యలో ఇరుసు, అక్కడి నుంచి ఆకుల్లా గోడలు, చుట్టూ అంచు, మధ్య ఖాళీల్లో మట్టి. మొత్తం బరువు ఇరుసు ఒక్కటే మోయదు. మీరూ మోయకండి. ఐదు వేల రూపాయల లోపు నిర్ణయాలు రేపటి నుంచి మీ దగ్గరకు రాకూడదు. అంకె మీ ఇష్టం. కానీ అంకె ఒకటి పెట్టండి.

నేను చేసిన తప్పు

ఒక చిన్న ఆసుపత్రి వాళ్లు నన్ను పిలిచారు. పేరొద్దు. సమస్య ఇది. డాక్టరు ఉదయం పదింటికి డిశ్చార్జ్ అంటాడు, పేషెంట్ గేటు దాటేసరికి మధ్యాహ్నం మూడు. నేను ఏసీ గదిలో కూర్చున్నాను. హెడ్ నర్సును, బిల్లింగ్ మేనేజర్‌ను పిలిపించి అడిగాను. లాప్‌టాప్‌లో రంగురంగుల చార్ట్ వేశాను. ఫ్రేమ్ కట్టించి గోడకు పెట్టాం. చప్పట్లు కూడా కొట్టారు.

నెల తర్వాత వెళితే, డిశ్చార్జ్ మళ్లీ మూడింటికే.

గోడ దగ్గర తుడుస్తున్న ఆయమ్మ నన్ను చూసి అంది: "బొమ్మ బాగుంది బాబూ. అందులో నేనెక్కడున్నానండీ?"

నిజమే. ఆమె ఎక్కడా లేదు. తర్వాత ఆమె వెనకే నడిచాను. వాడని మందులు, సెలైన్లు వార్డు నుంచి మెడికల్ షాపుకు వాపసు తీసుకెళ్లేది ఆమే. వాపసు లెక్క తేలితే గానీ బిల్లు తేలదు. పదింటికి షాపు ముందు ఓపీ జనం కిటకిట. ఆమె సంచి ఓ మూలన ఉండిపోతుంది. జనం తగ్గాకే దాన్ని విప్పుతారు. ఐదు గంటల ఆలస్యం ఆ సంచిలో ఉంది. మర్నాటి డిశ్చార్జ్‌ల మందులు ముందు రోజు సాయంత్రమే వాపసు చేయమన్నాం. ఒక్క రూపాయి ఖర్చు లేదు.

అప్పటి నుంచి నాకు ఒక అలవాటైంది. మీటింగ్‌లో అందరికంటే తక్కువ జీతం ఉన్న మనిషి చేతికి పెన్సిల్ ముందు ఇస్తాను. మీరూ ఇవ్వండి. మొదటిసారి వాళ్లు మొహమాటపడతారు. రెండోసారి ఆగకుండా చెబుతారు.

మార్చేటప్పుడు ఈ వరసలో

మ్యాప్ గీశారు. ఎదురుచూపు తెలిసింది. ఇప్పుడు ఏం చేయాలి? ఒక్కో పెట్టె మీద వేలు పెట్టి నాలుగు ప్రశ్నలు, ఇదే వరసలో. తీసేయొచ్చా? పక్కదానితో కలపొచ్చా? ముందుకో వెనక్కో జరపొచ్చా? ఇవేవీ కాకపోతే, ఇంకా సులభం చేయొచ్చా?

జరపడం అనేది మీరు తక్కువగా అంచనా వేసే ఆయుధం. మన డెల్టాలో వరి తర్వాత మినుము వేస్తారు. మామూలు వరస ఏంటి? వరి కోయాలి, దున్నాలి, విత్తాలి. ఈలోగా నేలలో పదును ఆరిపోతుంది. మన రైతులు ఏం చేశారు? కోతకు రెండు మూడు రోజుల ముందే, నిలబడి ఉన్న వరి చేలో మినుములు చల్లేశారు. దుక్కి అనే పెట్టెనే తీసేశారు. విత్తనం అనే పెట్టెను కోతకు ముందుకు జరిపారు. మిగిలిన పదునుతోనే పంట తీస్తారు. నీళ్లూ ఆదా, రోజులూ ఆదా. ఏ బిజినెస్ స్కూల్ కేస్ స్టడీకి ఇది తీసిపోతుంది?

కానీ కథ అక్కడితో ఆగలేదు. కోత మిషన్లు వచ్చాయి. మనుషులు రోజుల తరబడి కోసే పని గంటల్లో అయిపోతోంది. మిషన్ చక్రాల కింద లేత మినుము మొలకలు నలిగిపోతున్నాయి. దాంతో చాలామంది కోత అయ్యాకే మినుము వేసుకునే పద్ధతికి మారాల్సి వచ్చింది. ఒక పెట్టె బాగుపడితే పక్క పెట్టె దెబ్బతింది. అందుకే ఏ మార్పు చేసినా దాని ముందు పెట్టె, వెనక పెట్టె చూడకుండా సంతకం పెట్టకండి. 

ఇంకో హెచ్చరిక. నెమ్మదిగా ఉన్నదల్లా వేస్ట్ అనుకోవద్దు. బందరు తొక్కుడు లడ్డు సంగతి మీకు తెలుసు. శనగపిండి పూసను దంచాలి, జల్లించాలి, బెల్లం పాకంలో కలపాలి, నెయ్యి పోస్తూ మళ్లీ దంచాలి. స్టాప్‌వాచ్ పట్టుకున్న కన్సల్టెంట్ ఎవరైనా వచ్చి "ఈ దంచుడు తీసేస్తే సగం టైమ్ మిగులుతుంది" అనొచ్చు. మిగులుతుంది. లడ్డు మాత్రం మిగలదు. కస్టమర్ దేనికి డబ్బిస్తున్నాడో ఆ పనిని ముట్టుకోకండి. దాని చుట్టూ ఉన్న ఎదురుచూపును తగ్గించండి.

కంప్యూటర్ చివర్లో

"ఒక సాఫ్ట్‌వేర్ కొనేస్తే సరిపోతుంది కదండీ?" ప్రతి క్లాసులో ఎవరో ఒకరు అడుగుతారు.

1998 నవంబర్‌లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 214 సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుల్లో రిజిస్ట్రేషన్లను కంప్యూటర్లోకి ఎక్కించే కార్డ్ ప్రాజెక్టు ప్రారంభించింది. దస్తావేజును చేత్తో పుస్తకంలోకి ఎక్కించే పని పోయింది, స్కానింగ్ వచ్చింది. ఆస్తి మీద లావాదేవీలు చూపే ఈసీ కోసం పాత ఇండెక్సులు తిరగేసే పని నిమిషాల్లోకి వచ్చింది. దేశమంతా చెప్పుకున్నారు. మంచి పనే. కానీ జనం ఆఫీసు మెట్లెక్కే ముందు దస్తావేజు లేఖరి దగ్గర కూర్చోవడం మానలేదు. ఆఫీసు లోపలి పెట్టెలు మారాయి. ఆఫీసు బయట ఉన్న పెట్టెలు అలాగే ఉండిపోయాయి. చివరి పొలం నుంచి చూస్తే గానీ ఇది కనిపించదు.

2025 జనవరి 30న మన మిత్ర పేరుతో 161 ప్రభుత్వ సేవలు వాట్సాప్‌లోకి వచ్చాయి. చాలా సంతోషం. అప్లికేషన్ ఫోన్లో పెట్టగానే వెళుతుంది. అది వెళ్లి చేరే టేబుల్ మీద ఎన్ని రోజులుంటుంది? లెక్క అక్కడ తేలుతుంది.

"ఆటోమేట్ చేయకండి, చెరిపేయండి" అనే అర్థమొచ్చే శీర్షికతో మైఖేల్ హ్యామర్ 1990లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో వ్యాసం రాశాడు. చెత్త దారికి తారు వేస్తే చెత్త దారి గట్టిపడుతుంది. ముందు దారి సరిచేయండి. తర్వాత సాఫ్ట్‌వేర్ కొనండి. అప్పుడు చిన్నది సరిపోతుంది, డబ్బు మిగులుతుంది.

ఈ వారం మీ పని

సోమవారం ఒక్క ప్రాసెస్ ఎంచుకోండి. ఎక్కువ తిట్లు తెచ్చిపెట్టేదే మంచిది.

మంగళ, బుధవారాలు నడవండి. నోట్‌బుక్, పెన్సిల్, నోరు మూసుకుని వినే ఓపిక. ఇంకేం వద్దు. సలహాలివ్వాలని నాలుక దురద పెడుతుంది. ఆపుకోండి.

గురువారం అందరూ కలిసి గోడ మీద గీయండి. స్టిక్కీ నోట్లు లేకపోతే పాత పెళ్లి శుభలేఖల వెనక భాగం వాడండి. నేను అదే వాడతాను, గట్టిగా ఉంటాయి. "అబద్ధం, ఇలా జరగదు" అని ఎవరో ఒకరు అనే దాకా గీత పూర్తి కానట్టే. ఆ మాట అన్నవాళ్లకు టీ తెప్పించండి.

శుక్రవారం ఒకే ఒక్క మార్పు. పది వద్దు. పది మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. దానికి ఒక మనిషి పేరు, ఒక తేదీ రాయండి.

ఆ తర్వాతి శుక్రవారం అదే అంకె మళ్లీ కొలవండి. తగ్గితే ఉంచండి. తగ్గకపోతే సిగ్గుపడకుండా పాత పద్ధతికి వెళ్లి ఇంకోటి ప్రయత్నించండి. కాలువ పూడిక ఏటా తీస్తారు కదా, ఇదీ అంతే.

"మా వాళ్లు మారరండీ" అని మాత్రం నాతో అనకండి. మీ వాళ్లు పూడిన తూము ముందు నిలబడి ఉన్నారు. తూము తీయండి, ఎలా పరుగెడతారో మీరే చూస్తారు.

సోమవారం దాకా ఎందుకు, ఇప్పుడే ఒక పని చేయండి. పోయిన నెలలో మీ దగ్గర కొని, బాగా ఆలస్యంగా సరుకు అందుకున్న కస్టమర్ నంబర్ తీయండి. ఫోన్ చేసి, సంజాయిషీ ఏమీ ఇవ్వకుండా, మీకు అందడానికి ముందు ఎక్కడెక్కడ ఆగిందో చెప్పండి అని అడగండి. ఆయన చెప్పేది చెప్పినట్టు రాసుకోండి.